తుపాకియు దేశాచారమును

ఈ సంవత్సరము మన పాఠశాల చర్చాసంఘమువారు జరిపిన సభలలో "పౌరులు తుపాకులు కలిగియుండుట మంచిదా, కాదా?" యను విషయముపై నడచిన సభ మిక్కిలి వేడిగా సాగినది. పదవ తరగతి విద్యార్థి యొకడు లేచి, అమెరికావారు స్వభావముచేతనే క్రూరులనియు, మనము స్వభావముచేతనే శాంతులమనియు, అందుచేతనే వారి యిండ్ల తుపాకులును మన యిండ్ల రోకళ్లును వెలసినవనియు చెప్పగా సభ చప్పట్లతో మారుమ్రోగెను. వానికి ప్రతిగా వేరొక విద్యార్థి, ఇంటింటను తుపాకి యుండినయెడల దొంగ గడప త్రొక్కడనియు, ఆయుధము లేని పౌరుడు కొమ్ములు కోసిన ఎద్దువంటి వాడనియు వాదింపగా మరల చప్పట్లు మ్రోగెను. ఒకే సభ రెండు విరుద్ధవాక్యములకును సమానముగా సంతోషించుట మేము గమనించితిమి.

ఆ పిమ్మట తొమ్మిదవ తరగతి బాలిక యొకతె లేచి, అమెరికాలో తలిదండ్రులతో నివసించుచున్న తన పినతల్లి కుమార్తె వ్రాసిన జాబు చదివెను. ఆ బిడ్డకు తొమ్మిదేండ్లు. వారి బడిలో అప్పుడప్పుడు దీపములార్పి, తలుపులు గడియవేసి, పిల్లలనందరిని గదిమూలకు చేర్చి, తుపాకి పట్టినవాడు బడిలో ప్రవేశించినయెడల ఎట్లు సద్దుచేయక కూర్చుండవలెనో అభ్యాసము చేయింతురట. తాను తరగతిలో నెల్లరికంటె పొట్టిది గనుక పుస్తకముల బీరువాలో పట్టుదునని ఆ బిడ్డ సంతోషముతో వ్రాసినది. ఆ మాట విన్నతరువాత ఎవ్వరును చప్పట్లు కొట్టలేదు. సభాధ్యక్షులు తీర్పు చెప్పుటకు మారుగా, ఈ సంచికయందు మా అభిప్రాయమును వ్రాయవలసినదని మమ్ము కోరిరి. ఈ వ్యాసము ఆ కోరిక ఫలితము.

మేము చెప్పదలచినది ముందుగనే చెప్పుదుము. తుపాకిపట్ల ఒక్కొక్క జాతికి గల దృష్టి ఆ జాతి రక్తములో పుట్టినది కాదు, చరిత్రచేత నేర్పడినది. చరిత్రచేత నేర్పడినది గనుక మనుష్యులు తలచినప్పుడు దానిని మార్చుకొనవచ్చును; మార్చుకొనిన జాతులును కలవు. కావున "వారు క్రూరులు" అని చెప్పుటయు, "మనము శాంతులము" అని చెప్పుటయు రెండును తప్పే.

మొదట మన సంగతి చూతము. మన పల్లెలలో బిడ్డలు తొలుత చూచు తుపాకి కొయ్యతుపాకి. ఖాకీదుస్తులు తొడిగి, పాతటోపి పెట్టి, భుజమున కొయ్యతుపాకి మోపి, కోతలు కోయుచు వీధులవెంట వచ్చు పిట్టలదొరను చూచి నవ్వనివారెవరు? తెలంగాణమున నితనినే తుపాకి రాముడందురు. ఉత్తగొప్పలు చెప్పువానికి ఆ పేరు సామెతగా నిలిచిపోయినది. రెండవ తుపాకి దీపావళినాడు రీలుచుట్టి పటపటలాడించు రేకుతుపాకి. ఇక నిజమైన తుపాకి పోలీసు ఠాణాలోనో, బ్యాంకు వాకిట కావలివాని భుజముననో కనబడును. అనగా మన మనస్సులో తుపాకి సర్కారువారి వస్తువు. గృహస్థుని వస్తువు కాదు. అమెరికాలోనన్ననో, పెద్దలలో ఇంచుమించు ముగ్గురిలో నొకరు తమకు స్వంత తుపాకి కలదని చెప్పుదురు. వేటకాలమున తండ్రి కొడుకును జింకవేటకు వెంటబెట్టుకొనిపోయి తుపాకి పట్టుట నేర్పుట అక్కడి పల్లెటూళ్లలో, మన రైతు కొడుకునకు నాగలి పట్టుట నేర్పినట్టిదే.

ఈ భేదము లెక్కలలోను కనబడును. జెనీవానగరమునందలి స్మాల్ ఆర్మ్స్ సర్వే యను పరిశోధనసంస్థవారు 2018లో ప్రకటించిన అంచనా ప్రకారము, అమెరికా సంయుక్తరాష్ట్రముల ప్రజలచేతిలో సుమారు 39 కోట్ల 30 లక్షల తుపాకులు కలవు. అనగా ప్రతి 100 మందికి 120 తుపాకులు. మనుష్యులకంటె తుపాకులు ఎక్కువ. స్విట్జర్లాండులో ప్రతి 100 మందికి సుమారు 28, ఆస్ట్రేలియాలో 14, మన దేశమున 5, జపానులో వేయిమందికి మూడు మాత్రమే.

ఇంత వ్యత్యాస మెట్లు కలిగెను? ఇంగ్లాండు, అమెరికా దేశములను పోల్చి చూచిన ఈ ప్రశ్నకు మంచి సమాధానము దొరకును. ఏలయన, ఆ రెండు జాతులది ఒకే భాష. అమెరికావారి న్యాయశాస్త్రము ఇంగ్లాండునుండి వచ్చినదే. రెండవ జేమ్సు రాజు ప్రొటెస్టెంటుల ఆయుధములను లాగికొనెనను కోపమున, 1689లో ఇంగ్లాండు పార్లమెంటువారు తమ హక్కుల శాసనములో, ప్రొటెస్టెంటులైన ప్రజలు తమ స్థితికి తగినట్లును, చట్టము సమ్మతించునట్లును ఆత్మరక్షణకై ఆయుధము లుంచుకొనవచ్చునని వ్రాసికొనిరి. ఆ విత్తనమే సముద్రము దాటి అమెరికా చేరెను. 1775 ఏప్రిలులో ఆంగ్లసైన్యము కాంకర్డు గ్రామమునందు వలసప్రజలు దాచుకొన్న మందుగుండు సామగ్రిని పట్టుకొనుటకు బయలుదేరగా, లెక్సింగ్టనువద్ద తొలి గుండ్లు ప్రేలి స్వాతంత్ర్యయుద్ధ మారంభమయ్యెను. ఆయుధములను లాగికొనవచ్చిన ప్రభుత్వమును ఎదిర్చి పుట్టిన దేశము గనుక, 1791లో ఆ జాతి తన రాజ్యాంగమున రెండవ సవరణగా ఆయుధధారణ హక్కును చేర్చుకొనెను. ప్రజాసైన్యము స్వేచ్ఛారాజ్యమునకు అవసరమను మాటయు ఆ సవరణలోనే కలదు. ఆ హక్కు ప్రజాసైన్యమునకా, ఒక్కొక్క వ్యక్తికా యను తగవు రెండువందల యేండ్లు నడచి, 2008లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము అయిదుగురు నలుగురుగా చీలి, ఇంట ఆత్మరక్షణకై తుపాకి యుంచుకొనుట వ్యక్తియొక్క హక్కేయని తీర్పు చెప్పెను. 2022లో ఆ హక్కు ఇల్లు దాటి వీధికిని విస్తరించెను.

ఇంగ్లాండులో ఆ విత్తనమే వేరొక చెట్టయ్యెను. "చట్టము సమ్మతించునట్లు" అను మాట అక్కడ నానాటికి బలపడెను. మొదటి మహాయుద్ధానంతరము సైనికులవెంట ఇండ్లకు చేరిన ఆయుధములను చూచి ప్రభుత్వము భయపడి, 1920లో తుపాకుల చట్టము చేసెను. తుపాకి కావలెననువాడు తగిన కారణము చూపి పోలీసువారిని ఒప్పింపవలెను. 1987లో హంగర్‌ఫర్డు పట్టణమున నొక్కడు 16 మందిని చంపగా, మరుసటియేట కొన్ని జాతుల రైఫిళ్లను నిషేధించిరి. 1996 మార్చి 13వ తేదీన స్కాట్లాండులోని డన్‌బ్లేన్ పట్టణపు ప్రాథమిక పాఠశాలలో నొక దుర్మార్గుడు ప్రవేశించి 16 మంది పసిబిడ్డలను, వారి ఉపాధ్యాయినిని కాల్చిచంపెను. అప్పుడు పూచుచున్న చిన్న తెల్లపువ్వు పేరుతో తల్లులు సంతకముల యుద్యమ మారంభించిరి. మరుసటి సంవత్సరము ముగియునప్పటికి చేతితుపాకులను ప్రజలు కలిగియుండుట గ్రేట్ బ్రిటనులో నిషిద్ధమయ్యెను.

2012 డిసెంబరులో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున శాండీహుక్ ప్రాథమిక పాఠశాలలో 20 మంది బిడ్డలు, ఆరుగురు పెద్దలు అట్లే మరణించిరి. అక్కడను తల్లులు రాజధానికి పోయి కన్నీరు కార్చిరి. తుపాకి కొనువాని పూర్వచరిత్రను మరింత విపులముగా విచారింపవలెనను బిల్లు 2013 ఏప్రిలులో సెనేటునకు రాగా 54 మంది అనుకూలముగా, 46 మంది ప్రతికూలముగా మతమిచ్చిరి. ఆ సభ నియమము ప్రకారము 60 మతములు కావలసియుండగా బిల్లు పడిపోయెను. డన్‌బ్లేన్ తల్లికిని శాండీహుక్ తల్లికిని దుఃఖములో భేదమున్నదా? లేదు. మరి ఫలితము లేల వేరయ్యెను? ఒకచోట తుపాకి అనుమతి, వేరొకచోట హక్కు. అనుమతిని ఇచ్చిన చేయి తీసికొనవచ్చును. రాజ్యాంగమున వ్రాసిన హక్కును మార్చుటకు అమెరికాలో ఉభయసభలయందు మూడింట రెండువంతుల మతములును, రాష్ట్రములలో నాలుగింట మూడువంతుల సమ్మతియు కావలెను. క్రూరత్వమువలననే వారు ఊరకుండిరనుట అన్యాయము. కనెక్టికట్, న్యూయార్కు రాష్ట్రములు 2013లోనే తమ చట్టములను బిగించినవి. 2022లో టెక్సాసునందలి యువాల్డీ పాఠశాలలో 19 మంది బిడ్డలు మరణించిన పిమ్మట దేశమంతటికిని వర్తించు చట్టమొకటి, చిన్నదే యైనను, వచ్చినది. 2024లో న్యాయస్థానమువారును, ఇంటివారిని హింసింపవచ్చునని కోర్టు ఆంక్ష విధించిన వానియొద్ద తుపాకి లేకుండ చేయవచ్చునని యొప్పుకొనిరి.

తుపాకి పక్షమువారి వాదమునుకూడ న్యాయముగా వినవలెను. అమెరికా పల్లెసీమలలో పొరుగిల్లు మైళ్లదూరము. పోలీసులు వచ్చుటకు గడియలు పట్టును. అట్టిచోట స్త్రీ యొకతె తలదిండుక్రింద తుపాకి యుంచుకొనిన, ఆమెను పరిహసించుట మనకు తగదు. మరియు, బానిసత్వము రద్దయిన 1865వ సంవత్సరముననే మిసిసిపి రాష్ట్రమువారు విముక్తులైన నల్లజాతివారు తుపాకి పట్టరాదని చట్టము చేసిరి. నిరాయుధులను చేయుచట్ట మన్నియెడల బలహీనులను కాపాడునది కాదని ఆ చరిత్ర తెలుపుచున్నది. ఈ సత్యము మన దేశమునకును క్రొత్తది కాదు. దానిని ముందు చెప్పుదుము.

అయినను తుపాకి ఇంటిని కాపాడునను వాదమునకు ఎదురుగా నొక లెక్క నిలిచియున్నది. 2021లో అమెరికాలో తుపాకిచేత మరణించినవారు 48,830 మంది. వీరిలో 26,328 మంది తమ్ముతామే కాల్చుకొన్నవారు. అనగా దొంగకొరకు కొన్న తుపాకి, అన్ని గృహములను కలిపి చూచినయెడల, యజమానునిమీదనో ఆతని బిడ్డమీదనో తిరుగుటయే ఎక్కువ. 2020 మొదలుకొని ఆ దేశమున ఏడాది మొదలు పందొమ్మిదేండ్ల వరకు గల బాలబాలికల మరణములకు మొట్టమొదటి కారణము తుపాకియే. మోటారు ప్రమాదములుకూడ దాని తరువాతనే.

ఇచ్చట తలిదండ్రులు నొక్కమాట ఆలకింపవలెను. ప్రాణము తీసికొనవలెనను తలంపు అనేకులకు కొన్ని గడియలలో వచ్చి పోవునది. ఆ గడియలో చేతికందునది ఏది యను దానిపై ప్రాణము నిలుచుటయో పోవుటయో ఆధారపడియుండును. 2003లో స్విట్జర్లాండు తన సైన్యమును తగ్గింపగా ఇంట సైనికుల తుపాకులును తగ్గినవి. సైనికవయస్సులోని పురుషుల ఆత్మహత్యలును తగ్గినవని అక్కడి వైద్యులు పరిశోధించి చూపిరి. తుపాకి దొరకనివారిలో అధికులు వేరొక మార్గమును వెదకికొనలేదు. మన పల్లెలలో తుపాకి లేదు; కాని పురుగులమందు డబ్బా అటకమీదనో, మంచముక్రిందనో కలదు. పరీక్షలో తప్పిన బాలునకు, అప్పులపాలైన రైతునకు అది చేసిన పని మనకు తెలియనిదా? తుపాకి విషయమై అమెరికావారికి మనము చెప్పు బుద్ధి, ఆ డబ్బా విషయమై మనకును వర్తించును. ప్రమాదకరమైన వస్తువు తాళములో నుండవలెను.

ఆచారము మారదనువారికి ఆస్ట్రేలియా సమాధానము చెప్పుచున్నది. అదియు గొఱ్ఱెలమందలు మేపు రైతులతో, వేటగాండ్రతో నిండిన దేశము. 1996 ఏప్రిలు 28వ తేదీన టాస్మేనియాద్వీపమునందలి పోర్ట్ ఆర్థర్‌లో నొక్కడు 35 మందిని చంపెను. అప్పటి ప్రధానమంత్రి జాన్ హోవర్డు. ఆయన పక్షమునకు పల్లెటూరి రైతులే బలము. ఆ రైతులే తుపాకులు గలవారు. అయినను పండ్రెండు దినములలో రాష్ట్రములన్నిటిని ఒప్పించి, త్వరత్వరగా ప్రేలు రైఫిళ్లను నిషేధించి, ప్రజలపై ప్రత్యేకమైన పన్ను వేసి, సుమారు ఆరున్నర లక్షల తుపాకులను వెలయిచ్చి కొని ధ్వంసము చేయించెను. కోపించిన రైతుల సభకు ఆయన చొక్కాక్రింద గుండు దూరని కవచము తొడిగికొని పోయి మాటలాడెను. తన పక్షమువారి యెదుట నిలిచి వారికి ఇష్టముకాని మాట చెప్పుట రాజకీయములలో అరుదు గనుక దీనిని వ్రాయుచున్నాము. ఆస్ట్రేలియాలో తుపాకులు నేటికిని లక్షలకొలది యున్నవి; కాని కొనువాడు నిజమైన కారణము చూపవలెను, ఆత్మరక్షణ యను మాట ఆ కారణములలో చేరదు. 2019 మార్చి 15వ తేదీన న్యూజీలాండులోని క్రైస్ట్‌చర్చి మసీదులలో 51 మంది హతులు కాగా, నెలరోజులు నిండకమునుపే అక్కడి పార్లమెంటు 119 మతములు అనుకూలముగా, ఒక్క మతము ప్రతికూలముగా రాగా అట్టి చట్టమునే చేసెను. ఈ దేశములలో హింస సమూలముగ నశించెనని మేము చెప్పము. ఆచారము రాతిమీది గీత కాదని మాత్రము చెప్పుచున్నాము.

స్విట్జర్లాండు వేరొక పాఠము నేర్పుచున్నది. అక్కడ తుపాకి హక్కు కాదు, వినోదము కాదు, విధి. శక్తిగల యువకులు సైనికశిక్షణ పొంది, సేవాకాలమున తుపాకిని ఇంటికి తెచ్చుకొందురు. 2011లో ఆ తుపాకులను ఆయుధాగారములలోనే యుంచవలెనను ప్రతిపాదనను ప్రజలు ఓటుచేసి త్రోసివేసిరి. కాని అంతకు పూర్వమే, 2007 మొదలుకొని, ఇండ్లలోని సైనికుల గుండ్లను ప్రభుత్వము వెనుకకు తీసికొనెను. 2019లో నియమములను బిగించు చట్టమునకు అదే ప్రజలు మూడింట రెండువంతులకు కొంచెము తక్కువగా, నూటికి 63 మందికి పైగా, సమ్మతించిరి. తుపాకిని గౌరవించుటకును, కట్టుబాటునకు లోబడుటకును విరోధము లేదని దీనివలన తెలియుచున్నది.

జపాను మరియొక కొసన నున్నది. 1543లో పోర్చుగీసువారి తుపాకి తానెగాషిమా ద్వీపము చేరగా, కొలదికాలములోనే జపాను కమ్మరులు దానిని స్వయముగా చేయనేర్చిరి; ఆ శతాబ్దపు యుద్ధములు తుపాకులతోనే నడచినవి. 1588లో హిదెయోషి రైతులనుండి కత్తులను, తుపాకులను ఏరివేయించెను. కావున జపానువారు పుట్టుకతో నిరాయుధులు కారు. నేడు 1958 నాటి చట్టము ప్రకారము అక్కడ వేటతుపాకి కావలెనన్నచో తరగతులకు పోవలెను, వ్రాతపరీక్ష నెగ్గవలెను, గురిపరీక్ష నెగ్గవలెను, వైద్యుని యోగ్యతాపత్రము తేవలెను. పోలీసువారు ఇరుగుపొరుగువారినిసైతము విచారింతురు. అయినను 2022 జులైలో నారానగరమున మాజీ ప్రధానమంత్రి షింజో ఆబే యొకడు ఇంటనే గొట్టములతో చేసిన తుపాకికి బలియయ్యెను. ఎంత గట్టి గోడకైనను సందు ఉండును. సందు ఉన్నదని గోడను కూల్చువాడు మాత్రము తెలివిగలవాడు కాడు.

ఇక మన దేశమునకు వత్తము. "మనము శాంతులము గనుక మనకు తుపాకులు లేవు" అని పలికిన విద్యార్థి 1878 నాటి ఆయుధచట్టమును ఎరుగడు. 1857 తిరుగుబాటు భయము మరువని ఆంగ్లేయ ప్రభుత్వము, లిట్టన్ ప్రభువు కాలమున, భారతీయుడు లైసెన్సు లేక ఆయుధము పట్టరాదనియు, యూరోపియనులకు మాత్రము ఈ నిర్బంధము లేదనియు శాసించెను. మన చేతులు వట్టివగుట మన సాధుత్వమువలన గాదు, పరుల శాసనమువలన. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మన్యములోని చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా మూడుదినములు దాడిచేసి తీసికొనిపోయినది ధనము కాదు, తుపాకులు. ఆ దినములలో తుపాకి ఠాణాలో తప్ప వేరెచ్చటను లేదు గనుక ఆయన అచ్చటికే పోయెను. అహింసావ్రతుడైన గాంధిమహాత్ముడుకూడ 1918లో ఆ చట్టమును ఆంగ్లపాలనలోని మిక్కిలి నల్లని దుష్కృత్యముగా నిందించెను. 1931 కరాచి కాంగ్రెసు తన ప్రాథమికహక్కుల తీర్మానములో ఆయుధధారణమును, నియమములకు లోబడినదిగా, చేర్చెను.

ఇట్లుండగా స్వాతంత్ర్యము వచ్చెను. 1948 డిసెంబరులో రాజ్యాంగ నిర్మాణసభయందు హెచ్. వి. కామత్‌గారు ఈ హక్కును రాజ్యాంగములో చేర్చవలెనని సవరణ తెచ్చిరి. డాక్టరు అంబేద్కరుగారు సమ్మతింపలేదు, సవరణ వీగిపోయెను. దేశవిభజన నాటి రక్తము ఇంకను ఆరని దినములవి. ఆనాడు మన పెద్దలు అమెరికా మార్గమును ఎరిగియే దానిని విడిచిరి. ఆ తరువాత 1959లో మన ఆయుధచట్టము వచ్చినది. జాతిభేదము పోయినది, లైసెన్సు నిలిచినది. 2019లో ఆ చట్టమును సవరించి, ఒక్కొక్కరికి మూడు తుపాకులకు బదులు రెండే యుండవలెననియు, పెండ్లిండ్లలో వేడుకకై గుండ్లు ప్రేల్చి పరులకు అపాయము కలిగించువానికి రెండేండ్ల వరకు కారాగారమో, లక్షరూపాయల వరకు జుల్మానాయో, రెండునో విధింపవచ్చుననియు నియమించిరి.

మన దేశముననే వేరొక ఆచారము కలదు. కొడగుసీమలోని కొడవలకు 1861లో నాటి ప్రభుత్వము ఆయుధనిర్బంధమునుండి మినహాయింపు నిచ్చెను. అది నేటికిని సాగుచున్నది. 2019లో దానిని 2029 వరకు పొడిగించిరి. వారు కైల్‌పొళ్దు పండుగనాడు తుపాకికి పూలుపెట్టి పూజింతురు. ఇంట మగబిడ్డ పుట్టిన తుపాకి ప్రేల్చి ఊరికి తెలుపుదురు. ఒకే రాజ్యాంగముక్రింద నున్న రెండు ప్రజలలో ఒకరికి తుపాకి భయము, వేరొకరికి పూజాద్రవ్యము. ఇంతకంటె, దృష్టిని చరిత్రయే నిర్మించునని చెప్పుటకు వేరు నిదర్శన మేల?

ఇందువలన మనము గర్వింపవలసిన పని లేదు. ముందు చెప్పిన పరిశోధకుల అంచనాయందే మన దేశమున ప్రజలచేతిలోని తుపాకులు 7 కోట్లకు పైబడియుండగా, సర్కారు లెక్కకెక్కినవి కోటికి లోపే. తక్కినవి దొంగచాటు తుపాకులు, నాటుతుపాకులు. ఉత్తరదేశమున లైసెన్సుతుపాకి యనేకుల యిండ్ల రక్షణకంటె హోదాకే పనికివచ్చుచున్నది. పెండ్లిలో ప్రేలిన గుండు పెండ్లివారికే తగిలిన వార్తలు పత్రికలలో చదువుచునే యున్నాము. మన రాయలసీమలో కక్షలదినములందు నాటుబాంబులును వేటకొడవళ్లును విధవలను చేసిన కుటుంబములకు, తుపాకులు తక్కువైన దేశమున పుట్టితిమను ఓదార్పు ఏమి పనికివచ్చును? చట్టము ఆయుధమును తగ్గింపగలదు, పగను తగ్గింపలేదు. పగను తగ్గించుట ఇంటివారి పని, బడివారి పని.

కావున చర్చాసభలోని ఇరువురు విద్యార్థులకును మా సమాధానమిది. మొదటివానికి: నాయనా, అమెరికావాని తాత ఆయుధమును పట్టి రాజును ఎదిర్చెను, నీ తాతనుండి రాజు ఆయుధమును లాగికొనెను. మీ యిరువురి భేదము అదియే గాని గుణములో లేదు. అక్కడి తెలుగు బిడ్డలును ఆ దేశపు బిడ్డలతోపాటు అదే గదిమూల కూర్చుండుచున్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రమున, పరదేశీయుడను ద్వేషముతో నొకడు కాల్చిన గుండుకు మన తెలుగు ఇంజనీరు ప్రాణము కోల్పోయెను; ఆ రాత్రి హంతకుని అడ్డగింపబోయి తానును గుండుదెబ్బ తిన్నవాడు ఒక అమెరికా పౌరుడే. రెండవవానికి: ఇంటింటను తుపాకి యున్న దేశమున దొంగ యొద్దను తుపాకి యుండును, బిడ్డ చేతికిని తుపాకి యందును, కోపము వచ్చిన గడియలో నాలుక చేయవలసిన పని తుపాకి చేయును.

ఏ దేశమునకు ఎట్టి చట్టము తగునో ఆ దేశమువారే నిర్ణయించుకొనవలెను. కాని ఏ దేశమువారైనను మూడు ప్రశ్నలను తప్పించుకొనరాదని మా యభిప్రాయము. తుపాకి పట్టువాడు ఎట్టివాడు? దేనికొరకు పట్టుచున్నాడు? పట్టనప్పుడు దానిని ఎక్కడ నుంచుచున్నాడు? ఈ మూడు ప్రశ్నలకును సమాధానము చెప్పనేర్చిన స్విట్జర్లాండు తుపాకులు కలిగియు నెమ్మదిగా నున్నది. ఈ ప్రశ్నలను అడుగుటయే అవమానమని తలచినచోట పసిబిడ్డలు సద్దుచేయక కూర్చుండుట నేర్చుకొనవలసివచ్చుచున్నది.

పాండవుల అజ్ఞాతవాసకథ మన విద్యార్థులందరును ఎరిగినదే. విరటుని పట్టణమున ప్రవేశించుటకు పూర్వము వారు తమ ఆయుధములను పారవేయలేదు. భుజములపై మోసికొని ఊరిలో తిరుగను లేదు. ఊరివెలుపల జమ్మిచెట్టుమీద, ఎవ్వరికిని చేయి యందనిచోట, కట్టి యుంచిరి. నిజముగా కావలసిన దినమున దింపికొనిరి. మనుష్యులు కలిసి బ్రదుకు ఊరిలో ఆయుధముయొక్క స్థానము ఇంతకంటె చక్కగా ఎవరు చెప్పగలరు?

ఆ పొట్టిబిడ్డ జాబునకు మన తొమ్మిదవ తరగతి బాలిక ప్రత్యుత్తరము వ్రాయుచున్నదని వింటిమి. తక్కిన మాట లేవియైనను వ్రాయవచ్చును గాని, "మీ దేశమువారు చెడ్డవారు" అని మాత్రము వ్రాయవలదని మేము ఆమెను కోరితిమి. బీరువాలో పుస్తకములే యుండవలెననియు, అందులో బిడ్డలు దాగవలసిన యవసరము లేని దినము మీ దేశమునకును రావచ్చుననియు, ఇతర దేశములకు అట్టి దినము వచ్చినదనియు వ్రాసిన చాలును.